68 శాతం దగ్గర ఆగిన కుర్రవాడు

నాకు అప్పగించిన ఇరవై మంది ఇంజినీరింగ్ విద్యార్థులలో ఒకడు సెమిస్టరు సగానికి వచ్చేసరికి 68 శాతం హాజరు దగ్గర ఆగిపోయాడు. జేఎన్టీయూ నిబంధనల ప్రకారం 75 శాతం ఉండాలి. 65కు తగ్గనంత వరకు తగిన కారణం చూపి, రుసుము చెల్లించి మినహాయింపు కోరవచ్చు గానీ, అంతకన్నా దిగజారితే పరీక్షకు అనుమతి ఉండదు, ఆ సెమిస్టరు మళ్లీ చదవవలసిందే. ఇలాంటప్పుడు వెంటనే తండ్రికి ఫోన్ చేయడం మా అధ్యాపకుల్లో చాలామందికి అలవాటు (నాకూ ఉండేది). ఈసారి ముందు అతణ్ణి కూర్చోబెట్టి టీ తెప్పించాను. ఇంటర్ వరకు తెలుగు మాధ్యమంలో చదివిన ఆ కుర్రవాడు గణితం నోటుబుక్కు తెరిచి, అంచుల్లో పెన్సిలుతో రాసుకున్న తెలుగు అర్థాలు చూపిస్తూ, లెక్క వచ్చుననీ, పాఠం మాత్రం ‘కన్వర్జెన్స్’ అన్న ఇంగ్లీషు మాట దగ్గరే తెగిపోతోందనీ చెప్పాడు. వారానికి రెండు సాయంత్రాలు ఒక సీనియరును అతనికి జత చేశాను. చివరికి హాజరు 76కు చేరింది. గణితం మాత్రం సప్లిమెంటరీలో గానీ గట్టెక్కలేదు.