నెలలు లెక్కపెట్టేవాడు

పోయిన మంగళవారం మాకు డాక్టర్ చెప్పిన కాన్పు తేదీ. ఆ రోజు వచ్చింది, పోయింది. పాప మాత్రం నాలుగున్నర నెలల ముందే వెళ్లిపోయింది. ఇన్నాళ్లూ ఎలా గడిచాయో, దేవుని మీద నమ్మకం నాలో ఎలా మిగిలిందో మర్చిపోకముందే రాసిపెట్టుకుంటున్నాను.

20వ వారం స్కాన్‌లో గుండె చప్పుడు లేదన్నారు. ఆసుపత్రిలో రెండు రోజులున్నాం. నొప్పులు రావడానికి మందు ఇచ్చారు, కాన్పయింది. నర్సు పాపను తుడిచి గుడ్డలో చుట్టి నా చేతికిచ్చి, తలుపు దగ్గరగా వేసి వెళ్లింది. జానెడు కంటే కాస్త ఎక్కువ పొడవు. చిటికెన వేలికి కూడా గోరు ఉంది. పరీక్షలన్నీ చేసినా కారణం దొరకలేదు. "మీరు చేసిన తప్పేమీ లేదమ్మా, ఎందుకు జరిగిందో చాలాసార్లు మాకూ తెలియదు" అన్నారు డాక్టర్. అక్కడ ఎవరి మీదా నాకు ఫిర్యాదు లేదు.

ఫోన్ పట్టుకుంటే బైబిలు వాక్యాలే వాక్యాలు. ఇంటికొచ్చిన మొదటి సాయంత్రానికే యిర్మీయా 29:11 ఐదుగురు పంపారు. "సమాధానకరమైన ఉద్దేశములే గాని హానికరమైనవి కావు." చిన్నప్పటి నుంచి నాకు కంఠతా వచ్చిన మాట అది. ఆ రోజు చదువుతుంటే నా గురించి రాసినట్టు ఒక్క అక్షరమూ అనిపించలేదు. ఇప్పుడు ఆ అధ్యాయం మొత్తం చదివాను కాబట్టి చెబుతున్నాను. అది బబులోనుకు బందీలుగా వెళ్లిన యూదులకు యిర్మీయా ప్రవక్త రాసిన ఉత్తరం. ఆ మాటకు ముందు వచనంలోనే 70 ఏళ్లు గడిచాకే వాళ్లను తిరిగి రప్పిస్తానని ఉంది. అంటే ఆ ఉత్తరం విన్న పెద్దవాళ్లలో చాలామంది తిరిగి ఇంటికి చేరకుండానే కన్నుమూసి ఉంటారు. దానికి ముందు అధ్యాయంలో హనన్యా అనే ప్రవక్త రెండేళ్లలో అంతా బాగైపోతుందని చెప్పాడు. అందరికీ నచ్చే మాటే, కానీ దేవుడు చెప్పమన్న మాట కాదు. దుఃఖంలో ఉన్నవాళ్లకు ఆ వచనం పంపాలనుకుంటే దయచేసి 10వ వచనం కూడా చదివి పంపండి.

ఇక ఆరో రోజు. ఇన్ని నెలల్లో నన్ను నిజంగా పడగొట్టింది ఆ రోజే.

సంఘం వాళ్లు ఆదరణ ప్రార్థనకు మా ఇంటికి వచ్చారు. పదకొండు మంది. నాకు నాలుగో రోజున పాలు పడ్డాయి. బిడ్డ లేదన్న సంగతి ఒంటికి ఎవరు చెబుతారు? లోపల రెండు మడతల గుడ్డ పెట్టుకుని, పైట నిండా కప్పుకుని, తడి బయటికి కనబడుతుందేమో అన్న టెన్షన్‌తో కూర్చున్నాను. పాట పాడారు, ప్రార్థన చేశారు. అయిపోయింది, లేస్తారు అనుకునేలోపు ఒక పెద్దావిడ నా వైపు తిరిగారు. పదిహేనేళ్లుగా నేను ఆంటీ అని పిలిచే మనిషి.

"తల్లీ, దేవుడు ఊరికే ఇలా చేయడు. నువ్వూ అబ్బాయీ ఆయనతో సరిచేసుకోవాల్సింది ఏదైనా ఉందేమో చూసుకోండి. ఉంటే ఇప్పుడే, అందరి ముందూ ఒప్పుకుంటే మంచిది. వచ్చే బిడ్డకైనా ఆటంకం ఉండదు" అన్నారు.

ఎవరూ మాట్లాడలేదు. పాస్టరుగారు నేలచూపులు చూశారు. మావారు "ఆంటీ, ఇప్పుడెందుకండీ" అని ఏదో అనబోయారు, ఆవిడ చెయ్యి ఎత్తి ఆపారు. అందరూ నా కోసం ఎదురు చూస్తున్నారు. నేను నిజంగానే వెతుక్కోవడం మొదలుపెట్టాను. అదే నన్ను ఇప్పటికీ కలచివేస్తుంది. పదకొండు మంది ముందు, రొమ్ములు సలుపుతుండగా, ఏ పాపానికి నా బిడ్డ పోయిందా అని నా జీవితమంతా తిరగేసుకున్నాను. చివరికి ఒకటి దొరికింది. గర్భం వచ్చిందని తెలిసిన రోజు నేను ఏడ్చాను. అప్పుడే కొత్త ఉద్యోగంలో చేరాను. ఇప్పుడే వద్దు దేవా అనుకున్నాను. ఒక్క రాత్రి అంతే, తెల్లారేసరికి సంతోషమే. అయినా అదే పైకి చెప్పేశాను.

ఆవిడ కళ్లు మూసుకుని తలాడించి, "అదీ సంగతి" అన్నారు.

ఆ రెండు మాటలు నెల రోజులు నా చెవుల్లో మోగాయి. స్నానం చేస్తున్నా అదే, పడుకున్నా అదే. నా నోటితోనే నా బిడ్డ చావుకు కారణం చెప్పించారు. ఆ నెలలో నేను బైబిలు తెరవలేదు. ఆదివారం మాత్రం ఒక్కటి కూడా మానలేదు, వెనక వరసలో గోడ పక్కన కూర్చునేదాన్ని. ఈ మాట గర్వంగానే చెబుతున్నాను. పాట పాడలేకపోయినా వెళ్లాను.

ఆ రోజుల్లో మనిషిగా నన్ను నిలబెట్టింది నా స్నేహితురాలు ఒకతె. వారానికి రెండుసార్లు వచ్చేది. వచ్చి మంచం మీద కూర్చుని ఉతికిన బట్టలు మడత పెట్టేది. ఎలా ఉన్నావనైనా అడిగేది కాదు. ఒకరోజు ఆ బట్టల్లో పాప కోసం నేను సగం కుట్టిన చిన్న చొక్కా వచ్చింది. సూది ఇంకా దానికే గుచ్చి ఉంది. తను సూది తీసి, చొక్కా మడిచి నా ఒళ్లో పెట్టి, నా పక్కనే చాలాసేపు కూర్చుంది. తర్వాత బైబిల్లో యోబు గ్రంథం చదివితే తను గుర్తొచ్చింది. ఏ తప్పూ చేయకుండానే పిల్లల్నీ, ఆస్తినీ, ఆరోగ్యాన్నీ పోగొట్టుకున్న మనిషి యోబు. యోబు స్నేహితులు ముగ్గురూ ముందు చేసింది అదే. ఏడు పగళ్లు, ఏడు రాత్రులు నేల మీద అతని పక్కన మాట్లాడకుండా కూర్చున్నారు. నోరు తెరిచాకే అంతా పాడైంది. నీ పాపమే అయి ఉంటుందని అధ్యాయాల తరబడి వాదించారు. "మీరందరు బాధకే ఆదరణకర్తలు" అన్నాడు యోబు. ఆ వరుస చదివిన రోజు నేను పెద్దగా ఏడ్చాను. ఎవరో నా తరఫున మాట్లాడినట్టనిపించింది. చివర్లో దేవుడు కోప్పడింది కూడా యోబు మీద కాదు, తన పేరు చెప్పి కారణాలు అల్లిన ఆ స్నేహితుల మీదే.

యోబు కథలో నేనెప్పుడూ పట్టించుకోని సంగతి ఇంకొకటుంది. యోబును పరీక్షించి చూడమని పరలోకంలో సాతాను దేవుణ్ణి సవాలు చేసిన సంగతి మొదటి రెండు అధ్యాయాల్లో చదివే మనకు తెలుస్తుంది. యోబుకు మాత్రం చివరిదాకా ఎవరూ చెప్పలేదు. 38వ అధ్యాయంలో దేవుడు మాట్లాడటం మొదలుపెట్టాక కూడా ఇదిగో ఇందుకు అని చెప్పలేదు, ప్రశ్నలే అడిగాడు. ఇదేం జవాబని మొదట విసుగొచ్చింది. అలా విసుక్కుంటూనే 39వ అధ్యాయానికి వచ్చాను. అడవిలో కొండమేకలు ఎప్పుడు ఈనుతాయో నీకు తెలుసా, అవి మోసే నెలలు నువ్వు లెక్కపెట్టగలవా అని అడుగుతున్నాడు.

అక్కడ ఆగిపోయాను. క్యాలెండర్‌లో ప్రతి గురువారం చుట్టూ సున్నా చుట్టి వారాలు లెక్కపెట్టుకున్నదాన్ని నేను. 20వ సున్నా దగ్గర నా లెక్క ఆగిపోయింది. ఎవరి కంటా పడని కొండమేక మోసే నెలలు కూడా లెక్కపెడతానని చెప్పేవాడు నా 20 వారాలు లెక్క తప్పి ఉండడు. ఎందుకన్నది ఆ రాత్రి తెలియలేదు. ఈ రోజుకీ తెలియదు. పాపను మాత్రం ఆయనకు తెలుసు. ఆయన ప్రణాళిక అంటే నాకు ఇప్పుడు అర్థమవుతున్నది ఇంతే, దీన్ని పట్టుకునే నిలబడ్డాను. స్కాన్ ఫోటో ఆ పేజీలోనే పెట్టాను.

నాలాంటి స్థితిలో ఉన్నవాళ్లకు ఒకటే చెబుతాను, మొదటి నెల ఇంట్లో ప్రార్థన కూటం పెట్టించుకోకండి. పెద్దవాళ్లు నొచ్చుకుంటే నొచ్చుకోనివ్వండి. ప్రార్థించడానికి మాటలు రాకపోతే 88వ కీర్తన చదవండి. దేవునికి మొరపెట్టే మిగతా కీర్తనల్లో చాలావరకు చివరికి స్తుతి వస్తుంది, ఇందులో రాదు. "చీకటియే నాకు బంధువర్గమాయెను" అని అలాగే ముగిసిపోతుంది. అయినా దాన్ని బైబిల్లోంచి ఎవరూ తీసెయ్యలేదు. ఆ కీర్తన రాసినవాడు మొదటి మాటలోనే నా రక్షణకర్తవైన దేవా అని పిలిచాడు కదా, ఆ పిలుపు చాలు దేవునికి. నేను రెండు నెలలు దాంతోనే ప్రార్థన చేశాను.

గ్రంథం చివర్లో యోబు ఆ స్నేహితుల కోసం ప్రార్థన చేశాడని ఉంది. ఆ మాట దగ్గరికి వచ్చినప్పుడల్లా పేజీ తిప్పేసేదాన్ని. నిన్న రాత్రి తిప్పలేదు. ఈ వారం ఆంటీకి మోకాలి ఆపరేషన్. ఆవిడ పేరు పెట్టి, నొప్పి ఎక్కువ లేకుండా చూడు తండ్రీ అని అడిగాను. అంతకు మించి ఇంకా నోట రాలేదు.