వేలంపాటలో మిక్సర్ లారీ

మన ఇంజినీరింగ్ కాలేజీలో సివిల్ బ్లాకు వెనక కాంక్రీట్ ల్యాబులో ఒక క్యూరింగ్ తొట్టి, అంటే కాంక్రీటు నానబెట్టే నీళ్ల తొట్టి, ఉండేది. కప్పలూ క్యూబులూ అందులోనే. 150 మిల్లీమీటర్ల కాంక్రీటు క్యూబులు పోసి, మర్నాడు అచ్చు విప్పి అందులో వదిలేవాళ్లం. 28 రోజులకి తీసి మిషన్లో పగలగొట్టి, వచ్చిన అంకె రికార్డులో రాస్తే మార్కులు పడేవి. అంకె తగ్గితే ఎందుకు తగ్గిందని ఎవరూ అడిగేవారు కాదు. ఆ కాంక్రీటు మీద ఎవరూ శ్లాబు వేసుకోబోవడం లేదు కదా!

పాఠంలో లోటేమీ లేదు. నీళ్లు పెరిగితే బలం తగ్గుతుందన్న అబ్రామ్స్ సూత్రం మాస్టారు బల్లగుద్ది మరీ చెప్పేవారు. ఆయన చెప్పనిది, నేను చాలా ఏళ్లకి తెలుసుకున్నది ఒకటుంది. 1918లో ఆ సూత్రం బయటికొచ్చిన ల్యాబు షికాగోలోని లూయిస్ ఇన్‌స్టిట్యూట్ అనే కాలేజీలోది. దాన్ని సిమెంటు కంపెనీల సంఘమూ కాలేజీ కలిసి నడిపాయి. అంటే మనం బట్టీపట్టిన పాఠమే ఆ పొత్తులో పుట్టింది.

హైదరాబాద్ శివార్లలో, కాంక్రీటు కలిపి లారీల్లో సైట్లకి పంపే రెడీమిక్స్ ప్లాంటులో చేరాక అసలు చదువు మొదలైంది. రాత్రి వాన పడితే ఇసకలో తేమ ఎంతో కొలిచి, మిక్సులో నీళ్లు అంత తగ్గించాలి. నీళ్లు కలిపిన దగ్గర్నుంచి రెండు గంటల్లో లోడు దింపెయ్యాలని కోడు చెబుతుంది. ట్రాఫిక్‌కి ఆ సంగతి తెలియదు. సైటుకెళ్లేసరికి కాంక్రీటు బిగుసుకుపోయి ఉంటుంది. డ్రైవరు పైపు చేతబట్టుకుని, "సార్, కొంచెం నీళ్లు కొట్టమంటారా?" అంటాడు. పక్కన మేస్త్రి "కొట్టు కొట్టు" అంటుంటాడు. అప్పుడు వద్దనడానికి సూత్రం ఒక్కటే సరిపోదు. నీళ్లు పెంచకుండా కాంక్రీటును జారుగా చేసే అడ్మిక్చర్ అనే రసాయనం ఎంత వెయ్యాలో తెలియాలి, మేస్త్రిని ఒప్పించే నోరు కావాలి, లోడు వెనక్కి పంపితే నష్టం ఎవరిదో తెలియాలి.

ఇప్పుడు అమెరికాలో, టెనెసీలో ఇదే పని చేస్తున్నాను. మాకు దగ్గర్లోనే మర్ఫ్రీస్‌బరోలో మిడిల్ టెనెసీ స్టేట్ యూనివర్సిటీ ఉంది. కాంక్రీటు కంపెనీలు అడిగి, కూడా నిలబడి, 1996లో అక్కడ కాంక్రీట్ ఇండస్ట్రీ మేనేజ్‌మెంట్ అని నాలుగేళ్ల డిగ్రీ పెట్టించాయి. సగం మెటీరియల్ చదువు, సగం వ్యాపారం చదువు: లెక్కలు, అమ్మకాలు, కాంట్రాక్టు చట్టం. తర్వాత కాలిఫోర్నియాలోని చికో, టెక్సస్ స్టేట్ లాంటి యూనివర్సిటీలకీ పాకింది. ఆ పిల్లలు ఇంటర్న్‌షిప్‌కి వస్తే స్లంప్, అంటే పచ్చి కాంక్రీటు ఎంత జారుగా ఉందో, కొలిచే కోన్ ఎలా పట్టాలో నేర్పక్కర్లేదు. ఘనగజానికి ఒక గాలన్ నీళ్లు ఎక్కువైతే స్లంప్ అంగుళం దాకా పెరిగి, బలం 200 పి.ఎస్.ఐ. (చదరపు అంగుళానికి పౌండ్లు) వరకూ పడిపోతుందన్న మోటు లెక్క వాళ్ల నోటి చివరే ఉంటుంది. వాళ్లకి మేం చూపించాల్సింది ఫిర్యాదుల ఫైలు.

నన్ను ఎక్కువ ఆకట్టుకున్నది దాని డబ్బు సంగతి. ఏటా జనవరిలో లాస్ వేగస్‌లో జరిగే కాంక్రీటు ప్రదర్శనలో ఈ చదువు కోసమే వేలంపాట పెడతారు. కంపెనీలు మిక్సర్ లారీలూ యంత్రాలూ దానమిస్తాయి, పక్క కంపెనీలు పాడుకుంటాయి. "మనం తయారుచేసిన కుర్రాణ్ని ఎదుటివాడు ఎగరేసుకుపోతే?" అన్న భయానికి నేను చూసిన మంచి మందు ఇదే. అందరూ వేస్తారు, అందరూ తీసుకుంటారు.

మన దేశంలో ఎల్ అండ్ టీ 'బిల్డ్ ఇండియా' స్కాలర్‌షిప్ దారి వేరు. సివిల్ కుర్రాళ్లను పరీక్ష పెట్టి ఎంచి, ఐఐటీ మద్రాసు, ఢిల్లీ లాంటి చోట్ల తన ఖర్చుతో ఎంటెక్ చదివించి, తన ఉద్యోగంలోనే పెట్టుకుంటుంది. మంచి పథకమే. అయితే అంత చెయ్యాలంటే అంత పెద్ద కంపెనీ కావాలి. నాలుగు లారీల ప్లాంటు వల్ల అవుతుందా?

మన కాలేజీలో చదివి ప్లాంట్లు పెట్టుకున్న మనవాళ్లు హైదరాబాద్‌లో, విజయవాడలో, విశాఖలో ఉన్నారు. ఇప్పుడక్కడ చదివే పిల్లల్ని తలో ఇద్దర్ని ఒక సెమిస్టరు పాటు క్యూసీలో (నాణ్యత పరీక్షల విభాగం), సరుకు తూచి కలిపే బ్యాచింగ్ గదిలో, లారీలు పంపే డిస్పాచ్‌లో తిప్పండి. జీతం ఇచ్చే తిప్పండి. ఊరికే వస్తారు కదా అని ఫొటోకాపీలు తీయించేట్టయితే అసలు పిలవొద్దు. మొదటి నెల బ్యాచింగ్ ఆపరేటర్ విసుక్కుంటాడు, అది మామూలే. ఏదో ఒక మాస్టారు కూడా వేసవిలో వచ్చి నాలుగు వారాలు కూర్చుంటే మరీ మంచిది. పిల్లల పేర్లు డిపార్ట్‌మెంట్ ఇస్తుంది, ప్లాంట్ల పేర్లు మాత్రం మనమే రాసివ్వాలి.