నల్ల పిన్ను

ఆ పిన్ను తీసెయ్యమని నేనే అడిగాను. స్కూలు ప్రాజెక్టు కోసం మా అమ్మాయీ, దాని ఫ్రెండూ కలిసి చంద్రుడి మ్యాపు చేస్తున్నారు. ఆ ఫ్రెండు వాళ్ళ అమ్మానాన్నలది చైనా. చైనా పంపిన చాంగే-6 నౌక దిగింది మనకి కనపడని అవతలి వైపు కాబట్టి ఒక అట్ట చాలక, రెండు గుండ్రటి అట్టలు కోసుకున్నారు. క్షేమంగా దిగినవాటికి ఆకుపచ్చ పిన్ను, కూలిపోయినవాటికి నల్ల పిన్ను. కింద దక్షిణ ధ్రువం వైపు చంద్రయాన్-3 ఆకుపచ్చ పిన్ను, దానికి దగ్గర్లోనే 2019లో కూలిన చంద్రయాన్-2 ల్యాండర్ విక్రమ్‌ది నల్ల పిన్ను. "అదెందుకే, తర్వాత మనవాళ్ళు దిగారుగా, తీసెయ్" అన్నాను. "అయితే రష్యాది కూడా తియ్యాలి" అంది. "అది ఉండనీ" అన్నాను, ఆలోచించకుండానే.

పిన్ను తియ్యలేదు. నా వైపు చూసి, "రష్యాది పడిపోయినప్పుడు నువ్వు చప్పట్లు కొట్టావు" అంది.

"నేనా? లేదే" అన్నాను.

కొట్టాను. 2023 ఆగస్టు 20, ఆదివారం. రష్యా వాళ్ళ లూనా-25 కూలిపోయిందన్న వార్త చూడగానే, హమ్మయ్య, ఇక దక్షిణ ధ్రువం వైపు దిగేది మనమే ముందు అని చప్పట్లు కొట్టాను. అప్పటికి మా అమ్మాయికి 7 ఏళ్ళు, కింద కూర్చుని బొమ్మలేసుకుంటోంది, వినట్లేదనుకున్నాను. 23న చంద్రయాన్-3 దిగినప్పుడు ఏడుస్తూ దాన్ని ఎత్తుకుని గిరగిరా తిప్పాను, పెద్దయ్యాక కూడా దానికి అదే గుర్తుంటుందని నా ఆశ.

2019లో, ఇంకో 2 కిలోమీటర్లు దిగితే చాలనగా విక్రమ్ నుంచి సిగ్నల్ ఆగిపోయింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అప్పుడు ఏ ఇంట్లోనో ఎవరో చప్పట్లు కొట్టారని తెలిస్తే జన్మలో క్షమించేదాన్ని కాదు. లూనా-25 ఇంజను 84 సెకన్లు మండాల్సింది 127 సెకన్లు మండింది, అంతే, ఏళ్ళ కష్టం పోయింది. అక్కడి కంట్రోల్ రూములో కూర్చున్నవాళ్ళ గుండెలు మనవాళ్ళలాగే కొట్టుకుని ఉంటాయి కదా. అసలు చంద్రయాన్-2కి ల్యాండర్ ఇస్తామని ముందు ఒప్పుకున్నది రష్యానే, వాళ్ళ వల్ల కాకపోతే మనవాళ్ళు సొంతంగా చేసుకున్నారు.

పోటీ చెడ్డదని నేననను. అది లేకపోతే ఇంత డబ్బు ఏ ప్రభుత్వమూ పెట్టదు. కానీ అందరూ ఆ ధ్రువం వైపు పరిగెత్తేది నీటి మంచు కోసం, చంద్రుడి మీద నీటి జాడ 2009లో బయటపడింది మన చంద్రయాన్-1 మోసుకెళ్ళిన అమెరికా పరికరం వల్లే. అదే అమెరికాలో, ప్రత్యేక అనుమతి లేకుండా నాసా చైనాతో నేరుగా కలిసి పనిచెయ్యకూడదని 2011 నుంచి చట్టం. ఇది పిల్లలకి ఎలా చెప్పాలో నాకు తెలీదు, అందులోనూ ఈ ఇద్దరికి. నల్ల పిన్నులు సరిగ్గా ఎక్కడ గుచ్చాలో చూసుకోవడానికి వాళ్ళు ముందేసుకున్న ఫొటోలు మాత్రం ఒకే అమెరికా ఉపగ్రహం తీసినవి. విక్రమ్ ముక్కలవీ, లూనా చేసిన దాదాపు 10 మీటర్ల గుంటదీ.

పిల్లలకి మన దేశం మీద ఇష్టం కలగాలంటే ఇలాంటివి కూర్చోబెట్టి చూపించండని తెలిసినవాళ్ళందరికీ చెప్పేదాన్ని. ఇప్పుడూ చెబుతానేమో. అయితే నేను చూపించింది ఇష్టమో పంతమో నాకే తెలియట్లేదు. మా అమ్మాయి "మన చంద్రయాన్" అనదు, "మీ చంద్రయాన్" అంటుంది. ఇండియాలో కాక ఇక్కడ పుట్టింది కాబట్టి అంటుందని సర్దుకున్నాను ఇన్నాళ్ళూ. ఆ చప్పట్లు విన్నాకే అలా అనడం మొదలుపెట్టిందా అని రెండు రోజులుగా లెక్కలు వేసుకుంటున్నాను, గుర్తు రావట్లేదు.

నల్ల పిన్నులన్నీ అలాగే ఉంచి మ్యాపు స్కూలుకి పట్టుకెళ్ళారు. కొట్టానమ్మా, నిజమే అని దానికి ఇంకా చెప్పలేదు.