నూరు వరహాల చెట్టు చిగురేసింది

గుంటూరులో మా గేటు పక్క నూరు వరహాల చెట్టు అమ్మ నాటింది. 14 ఏళ్లుగా ఏడాది పొడవునా పచ్చగానే ఉంది. ఈ మే నెలలో ఆకుల అంచులు గోధుమ రంగుకి తిరిగాయి. ఎండదెబ్బేమో అనుకుని బోరు నీళ్లు ఇంకా ఎక్కువ పోశాను. తప్పు చేశాను.

ఒకరోజు కూర్చుని ఆకుని దగ్గరగా చూశాను. ఈనెలు పచ్చగా, వాటి మధ్య భాగం పసుప్పచ్చగా, అంచులు మాడిపోయి ఉన్నాయి. అదీ ప్రహరీ వైపు కొమ్మలకే ఎక్కువ! ఎండే కారణమైతే ఒక్క పక్కే ఎందుకు మాడుతుంది? గోటితో బెరడు గీకితే లోపల పచ్చగానే ఉంది. ప్రాణం లేచొచ్చింది.

గోడ పక్కన తవ్వితే నాలుగు వేళ్ల మందాన గట్టిపడిన సిమెంటు. గోడ కట్టినప్పుడు తాపీవాళ్లు తట్టలు కడిగింది అక్కడే. సిమెంటులో సున్నం వల్ల మట్టి క్షారంగా మారితే వేళ్లు ఇనుము తీసుకోలేవు. ఈ మొక్కకి పుల్లమట్టి, అంటే ఆమ్ల గుణం ఉన్న మట్టి కావాలి. పైగా మా బోరు నీళ్లు ఉప్పన.

పెళ్లలన్నీ తీసి, బాగా మాగిన పశువుల ఎరువు కలిపాను. మొక్క తేలిగ్గా తీసుకోగలిగే రూపంలో ఉండే ఇనుము మందు, చీలేటెడ్ ఐరన్, సాయంత్రం పూట ఆకుల మీద పిచికారీ చేశాను. యూరియా జోలికి పోలేదు, ఎండల్లో కత్తిరింపులూ చేయలేదు. వానలు పడ్డాక డాబా మీద నీళ్లు పట్టి పోస్తున్నాను.

మాడిన ఆకులు మళ్లీ పచ్చబడవు, రాలిపోతాయి. కానీ ఈ పొద్దున గోడ వైపు కొమ్మకే రాగి రంగు చిగురు, వేలి గోరంత. అమ్మని పిలిచి చూపించాను.