కంపెనీ ఇచ్చేది, మనం కొనుక్కోవాల్సింది

గల్ఫ్‌లో ఎండన పడి పని చేసేవాడికి కావాల్సిన పెద్ద సామాను కంపెనీయే ఇస్తుంది. ఆ సామాను పొద్దున్నుంచి డ్యూటీ దిగేదాకా ఒంటి మీద నిలవాలంటే మాత్రం కొంత చిల్లర సామాను కావాలి, అది మనమే కొనుక్కోవాలి. కొత్తగా వెళ్లేవాళ్లు దీన్ని తిరగేసి చూస్తారు. సెలవుకి గుంటూరు వచ్చినప్పుడల్లా నన్ను అడిగే మొదటి ప్రశ్న షూ గురించే. ఈసారి అడిగింది మా బావమరిది. వాడికి ఖతర్‌లోని దోహాలో షట్టరింగ్ కార్పెంటర్‌గా, అంటే కాంక్రీటు పోయడానికి చెక్క అచ్చులు కట్టేవాడిగా, వీసా వచ్చింది.

"బావా, పట్నం బజార్లో సేఫ్టీ షూ తొమ్మిది వందలకే ఇస్తానంటున్నాడు, తీసుకోనా?"

"ఆ డబ్బులు జేబులో పెట్టుకోరా" అన్నాను.

షూ, హెల్మెట్, రేడియం జాకెట్, గ్లౌజులు, కళ్లద్దాలు కంపెనీయే ఇవ్వాలి. ఖతర్ కార్మిక చట్టం ప్రకారం వాటి ఖర్చును జీతంలో కోయడానికి వీల్లేదు. పైగా మనం ఇక్కడ కొన్నది ఎంత గట్టిదైనా, అక్కడి సేఫ్టీ ఆఫీసర్ లోపల ఉన్న గుర్తు చూస్తాడు. సైట్లలో ఎక్కువగా కనిపించే గుర్తులు ఎస్1పి, ఎస్3. రెండింటికీ ముందు భాగంలో 200 జౌల్స్ (దెబ్బ శక్తికి కొలత) దెబ్బకి ఆగే టోపీ ఉంటుంది, అడుగున మేకు దిగకుండా అడ్డం ఉంటుంది. షట్టరింగ్‌లో విప్పిన పలకల నిండా మేకులే కాబట్టి ఆ అడ్డం లేని షూ వేసుకుని లాభం లేదు. ఎస్3లో నీళ్లు కూడా త్వరగా లోపలికి రావు. కాంక్రీటు పోసే రోజు అది మంచిదే కానీ, నీళ్లు రాని షూలోంచి చెమట కూడా త్వరగా పోదు. స్టోర్ వాడు ఏది కావాలని అడిగితే పొడి పనికి ఎస్1పి అడగమని చెప్పాను. సైజు సాయంత్రం పూట, మేజోళ్లు వేసుకుని చూడాలి. అప్పటికి పాదం ఉబ్బి ఉంటుంది. బొటనవేలు ఆ ఇనుప టోపీకి తగిలిందంటే వారంలో గోరు నల్లబడుతుంది.

కొనాల్సింది షూ లోపలికి. రెండు జతల ఇన్‌సోల్స్, ఒకటి ఆరుతుంటే ఇంకొకటి. మేజోళ్లు పూర్తి కాటన్‌వి వద్దు. కాటన్ చెమటని పీల్చి అలాగే పట్టుకుని కూర్చుంటుంది, మధ్యాహ్నానికి మడమ మీద బొబ్బలు, నెల తిరిగేసరికి వేళ్ల మధ్య పాసిపోవడం. కొంచెం నైలాన్ కలిసిన మందపాటి స్పోర్ట్స్ మేజోళ్లు బెజవాడ వన్‌టౌన్ హోల్‌సేల్ కొట్లలో డజను చొప్పున దొరుకుతాయి. రాత్రి షూలో పాత న్యూస్‌పేపర్ కుక్కి పెడితే తెల్లారేసరికి తడి లాగేస్తుంది. దానికి పైసా ఖర్చు లేదు.

బనియన్ల విషయంలో నా మాట వేరు. అక్కడ కాటనే, అదీ చేతులున్నది. ఎత్తులో పని చేసేటప్పుడు కింద పడకుండా కట్టుకునే హార్నెస్ బెల్టులు భుజాల మీద, చంకల దగ్గర ఒరుసుకుంటాయి, మామూలు బనియన్ అక్కడే ఖాళీగా ఉంటుంది. రెండు తీసుకెళ్లి మధ్యాహ్నం విరామంలో ఒకటి మార్చుకుంటే చెమటకాయలు సగం తగ్గుతాయి. లోపల తొడల దాకా వచ్చే నిక్కరు. దీని గురించి ఎవరూ నోరు విప్పి చెప్పరు గానీ, తొడలు ఒరుసుకుని మంట పుట్టినవాడి నడక సైటంతా గుర్తుపడుతుంది.

ఇక తల. హెల్మెట్ ఎందుకు తీస్తారో ఫోర్‌మాన్‌కి తెలుసు, తీసినవాడికీ తెలుసు. నుదుటికి ఆనే పట్టీ చెమటతో నిండిపోయి, ఆ ఉప్పు నీళ్లు నేరుగా కంట్లోకి దిగుతాయి. రెండు చేతుల్లో ప్లైవుడ్ పలక ఉన్నప్పుడు కళ్లు ఎలా తుడుచుకుంటాడు? ఆ పట్టీ మీద చుట్టుకునే మెత్తటి గుడ్డ తొడుగు రెండు మూడు రియాళ్లు ఉంటుంది, మన డబ్బుల్లో వంద రూపాయల లోపే. అదుంటే హెల్మెట్ తీయాలని అనిపించదు. చాలామంది దానికి బదులు తువ్వాలు మడతపెట్టి లోపల కుక్కుతారు. అది ప్రమాదం. పెంకుకీ లోపలి పట్టీలకీ మధ్య ఉన్న ఖాళీయే దెబ్బని మింగేది. అక్కడ గుడ్డ, సిగరెట్ పెట్టె, ఏదీ ఉండకూడదు. పల్చటి నేత గుడ్డ ఒక్క పొర చుట్టి వెనక మెడ మీదకి వదిలితే చాలు. మంగళగిరి తువ్వాలు ఇందుకు బాగా పనికొస్తుంది.

తడి తువ్వాలు మెడ మీద వేసుకుంటే ప్రాణం లేచొస్తుంది, కానీ అన్ని నెలల్లోనూ కాదు. జూన్‌లో దోహాలో పొడి గాలి వీస్తుంది, తడి ఆరుతూ ఒంటి వేడిని లాక్కుపోతుంది. ఆగస్టుకి సముద్రపు ఉక్క మొదలైతే, వానాకాలంలో మన ఎయిర్ కూలర్ పనిచేయనట్టే అదీ పనిచేయదు. అప్పుడు నీడ, నీళ్లు, విశ్రాంతి తప్ప వేరే మందు లేదు.

ఖతర్‌లో 2021 నుంచి జూన్ 1 - సెప్టెంబర్ 15 మధ్య ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 3:30 వరకు ఎండలో పని చేయించకూడదు. దానితోపాటు ఇంకో అంకె ఉంది: 32.1. అది దాటితే ఏ వేళైనా పని ఆపాలి. రోహిణి కార్తెలో 45 చూసిన బెజవాడ వాడికి 32 అంటే నవ్వొస్తుంది. అది మామూలు డిగ్రీ కాదు. సైట్లో స్టాండుకి ఒక తడి వత్తి చుట్టిన థర్మామీటరు, ఒక నల్లటి గుండు లోపల ఇంకొకటి ఉంటాయి. గాలి వేడి, ఎండ, ఉక్క, గాలి వీచడం అన్నీ కలిపి వచ్చే లెక్క అది. ఆ లెక్కలో 32 దాటిందంటే చెమటతో ఒంటిని చల్లబరచుకోవడం కష్టమవుతోందని అర్థం. అదే నిబంధన ప్రకారం వేసవిలో పల్చగా, వదులుగా, లేత రంగులో ఉన్న బట్టలు కూడా కంపెనీయే ఇవ్వాలి. ముదురు నీలం కవరాల్ చేతిలో పెడితే అడగొచ్చు. అడిగేవాళ్లు తక్కువ.

"మాకు ఎండ కొత్తా?" అన్నాడు మా వాడు. కొత్త కాకపోవచ్చు, కానీ ఒంటికి అలవాటైన ఎండ కొన్ని వారాలు నీడపట్టున ఉంటే పోతుంది. వీసా కోసం ఇంట్లో ఫ్యాను కింద ఎదురుచూసినవాడికైనా, సెలవు నుంచి తిరిగెళ్లే నాకైనా మొదటి వారం ఒకటే. కొత్తవాడు మొదటి రోజు అయిదో వంతు సేపే ఎండలో ఉండి, రోజుకి మరో అయిదో వంతు పెంచుకుంటూ పోవాలని భద్రతా నిపుణులు చెబుతారు. ఎండదెబ్బ ఎక్కువగా తగిలేది ఆ మొదటి రోజుల్లోనే. దాహం వేసేదాకా ఆగకుండా పావుగంటకో ఇరవై నిమిషాలకో ఒక గ్లాసు నీళ్లు తాగాలి.

అందుకే ఓఆర్ఎస్ ఇక్కడే కొనిపించాను. మందుల షాపులో డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా అని రాసి ఉన్న పొడి ప్యాకెట్లు, 20.5 గ్రాములది ఒక లీటరు నీళ్లకి. ఓఆర్ఎస్ పేరుతో అమ్మిన తియ్యటి జ్యూసు డబ్బాలు వేరే సంగతి. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడాక, 2025 అక్టోబర్‌లో ఫుడ్ సేఫ్టీ అథారిటీ వాటి మీద ఆ పేరు వాడొద్దంది. బీపీ, షుగర్ ఉన్నవాళ్లు ఈ పొడి అయినా డాక్టర్‌ని అడిగే తాగాలి.

మాస్కు దగ్గర మన గుంటూరు వాళ్లకి ఒక మొండి ధైర్యం ఉంది. మిర్చి యార్డులో టిక్కీలు (మిర్చి బస్తాలు) మోసే హమాలీలు ముక్కుకి గుడ్డ కట్టుకుని పని చేస్తారు కదా, అదే చాలనుకుంటారు. మిరప కోరు ముక్కుని మండించి తన సంగతి చెబుతుంది. గ్రైండర్‌తో కాంక్రీటు కోసేటప్పుడు లేచే సన్న ధూళి ఏమీ చెప్పదు, గుడ్డలోంచి నేరుగా ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. ఆ ధూళిలో ఉండే సిలికా చేసే నష్టం మళ్లీ బాగుపడదు. దానికి కనీసం ఎన్95 లేదా ఎఫ్ఎఫ్‌పి2 రకం మాస్కు కావాలి. స్టోర్‌లో అడిగి తీసుకోవాలి, అయిపోయాయంటే మర్నాడు మళ్లీ అడగాలి.

మొత్తం సామాను రెండు వేల లోపే అయింది. పెట్టె సర్దేటప్పుడు ఒళ్లునొప్పులకని వాళ్ల నాన్న పెట్టిన టాబ్లెట్లలో ట్రమడాల్ ఉన్న షీటు కనిపిస్తే తీయించాను. గల్ఫ్‌లో దాని మీద కఠినమైన ఆంక్షలున్నాయి, సరైన కాగితాలు లేకుండా దొరికితే జైలుకి కూడా పోవచ్చు. వాడు దుబాయ్‌లో విమానం మారతాడు, అక్కడ గసగసాలు నిషేధం కాబట్టి అవి వేసిన మసాలా పొడి కూడా తీయించాను. మా అత్తగారు ఆ డబ్బా మూత పెడుతూ నా వంక చూసిన చూపు వేరే. గసగసాలు లేకుండా మళ్లీ కొట్టి పెట్టింది.