ముట్లు ఆగిపోయాక కూడానా ఆ పరీక్ష?

గర్భసంచి మూతి క్యాన్సర్ తెచ్చే హెచ్‌పీవీ అనే వైరస్ పాజిటివ్ అని రిపోర్టు వచ్చిన రోజు నాకు ముందు గుర్తొచ్చింది క్యాన్సర్ కాదు, మా ఆయన. ఆయన పోయి తొమ్మిదేళ్లు. ఈ వైరస్ ఆలుమగల కలయిక వల్లే ఎక్కువగా అంటుకుంటుందని నర్సమ్మ ముందే చెప్పింది. గోడ మీద దండ వేసిన ఫొటో వైపు చూసి "ఏమండీ, ఇదేంటి?" అని గట్టిగానే అడిగాను. ఇంట్లో ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది.

నాకు 63 ఏళ్లు. మాది హనుమకొండ. దవాఖానకు వెళ్లింది బీపీ మాత్రల కోసం. తెలంగాణ ప్రభుత్వం ఆరోగ్య మహిళ కార్యక్రమం మొదలుపెట్టినప్పటి నుంచి, అంటే 2023 మార్చి నుంచి, మంగళవారాలు ఆడవాళ్లకు పరీక్షలు చేస్తున్నారు. గర్భసంచి మూతి పరీక్ష కూడా చేయించుకొమ్మంది నర్సమ్మ. "ముట్లు ఆగి పుష్కరం దాటింది, నాకెందుకమ్మా?" అన్నాను. "65 దాకా చేయాలమ్మా, మీకింకా రెండేళ్లుంది" అని చీర సర్దుకోనిచ్చి లోపలికి తీసుకెళ్లింది.

నొప్పి లేదని చెప్పను. ఈ వయసులో ఆ చోటు పొడిబారిపోయి ఉంటుంది. మొదట పెట్టిన పరికరానికి ప్రాణం విలవిల్లాడింది. నా మొహం చూసి ఆపేసి, చిన్న సైజుది తెచ్చి, జెల్ రాసి పెట్టింది. చిన్నది అడగొచ్చని తెలిస్తే ఎంతమంది భయపడకుండా వెళ్తారో. తర్వాత వెనిగర్ లాంటి మందు అద్ది ఒక నిమిషం ఆగింది. తేడా ఉంటే అక్కడ తెల్ల మచ్చ తేలుతుందట. నాకేమీ తేలలేదు.

"అయితే బాగున్నట్టే కదా?" అన్నాను.

"అలా చెప్పలేనమ్మా. చూడాల్సిన చోటే కనబడటం లేదు" అంది.

అసలు సంగతి ఇదే. ఈ క్యాన్సర్ మొదలయ్యే చోటు వయసులో ఉన్నప్పుడు మూతి పైనే ఉంటుంది. ముట్లు ఆగాక మెల్లగా లోపలి సన్నటి దారిలోకి జరిగిపోతుంది. అందుకే మాలాంటి వాళ్లకు కంటితో చూసే పరీక్ష చాలదు, హెచ్‌పీవీ పరీక్ష నయం. చిన్న బ్రష్‌తో నమూనా తీస్తారు, కావాలంటే మనమే తీసుకోవచ్చు కూడా. పెద్దాసుపత్రికి రాసిచ్చారు. ఒక ల్యాబులో కౌంటర్ దగ్గర కుర్రాడు చీటీ చదివి "ఈ పరీక్ష మీకేనా?" అన్నాడు. నాకే బాబూ, అన్నాను.

రిపోర్టులో హెచ్‌పీవీ 16వ రకం అని వచ్చింది. గర్భసంచి మూతి క్యాన్సర్లలో నూటికి 70 దాకా 16, 18 రకాల వల్లే వస్తాయట. నా అనుమానం డాక్టరమ్మకు ఎలా తెలిసిందో గానీ తనే అంది: "ఎప్పుడొచ్చిందో, ఎవరి వల్ల వచ్చిందో ఏ పరీక్షా చెప్పలేదమ్మా. సంసారం చేసిన వాళ్లలో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు వచ్చి, ఒకటి రెండేళ్లలో దానంతటదే పోతుంది. కొందరిలో ఏళ్ల తరబడి కిక్కురుమనకుండా ఉండిపోతుంది." ఇంటికొచ్చి ఆయన మీద కేసు కొట్టేశాను.

కాల్పోస్కోపీకి, అంటే మూతిని పెద్దదిగా చూపించే పరికరంతో చేసే పరీక్షకు ముందు కొన్ని వారాలు రాత్రిపూట ఈస్ట్రోజెన్ క్రీమ్ పెట్టుకోమన్నారు. అయినా ఆ చోటు పూర్తిగా కనబడలేదు. లోపల గీకి తీసిన ముక్కలో సీఐఎన్ 3 అని తేలింది. క్యాన్సర్ కాదు, దాని ముందు మెట్టు. నడుముకు మత్తు సూది ఇచ్చి మూతి దగ్గర కోన్ ఆకారంలో కొంత భాగం తీసేశారు. తీసిన ముక్క అంచులు శుభ్రంగా ఉన్నాయని రిపోర్టు వచ్చేదాకా మాత్రం అన్నం సయించలేదు.

బిందెలు ఎత్తొద్దు, మెట్లు తగ్గించండి అన్నారు. అంతా బాగానే ఉంది అనుకుంటుండగా రెండో వారంలో ఒక్కసారిగా బ్లీడింగ్ అయింది. ఇంట్లో నా దగ్గర ప్యాడ్లెక్కడివి? కోడలు తనవి తెచ్చిచ్చి, "ఏం కాదత్తమ్మా" అంటూనే ఆటో పిలిచింది. దాని టెన్షన్ చూసి నాకు ధైర్యం వచ్చింది. గుడ్డ పెట్టి ఆపి, సాయంత్రానికి పంపించేశారు. ఆ తర్వాత నెల తిరిగేసరికి మామూలు మనిషినయ్యాను.

ఆరు నెలలకు చేసిన హెచ్‌పీవీ పరీక్ష నెగెటివ్. ఇక మూడేళ్లు ఏడాదికోసారి, తర్వాత మూడేళ్లకోసారి, కనీసం 25 ఏళ్లు చూపించుకోవాలట. "అప్పటికి నాకు 88 దాటతాయి" అన్నాను. "రండి, చూద్దాం" అంది డాక్టరమ్మ.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 30–49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి మూతి పరీక్ష ఎప్పుడైనా చేయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద నూటికి ఇద్దరు కూడా లేరు. మా వయసు వాళ్లనైతే ఆ సర్వే అడగనే లేదు.

మా పెద్దాడపడుచుకు 70. "నాకు గర్భసంచి తీసేశారుగా, గొడవే లేదు" అంటుంది. మన దగ్గర ఈ ఆపరేషన్ ఇంటికొకరికి అయినట్టే ఉంటుంది కదా. కానీ కొందరికి సంచి తీసి మూతి వదిలేస్తారు. మూతి ఉంటే పరీక్ష కావాల్సిందే. 65 తర్వాత ఆపేయొచ్చన్న మాట కూడా, అంతకుముందు చేయించుకున్నవన్నీ బాగున్నవాళ్లకే. వదిన ఒక్కసారీ చేయించుకోలేదు. పాత డిశ్చార్జి కాగితం వెతికితే దొరకలేదు. వచ్చే మంగళవారం ఇద్దరం వెళ్తున్నాం. చిన్న సైజు పరికరం సంగతి చెప్పాకే ఒప్పుకుంది.