ఎదురు మర

ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో గోడౌన్ ఉద్యోగం నాది. రాత్రి రెండింటికి షిఫ్ట్ దిగితే ఇంటికి బస్సుండదు. టాక్సీ ఎక్కితే గంటన్నర కూలి దానికే సరి. అందుకే సైకిల్ అనుకున్నా, అదీ 100 పౌండ్లు దాటకుండా.

ఒకాయన షెడ్డులో 30 పౌండ్లకు దొరికింది. నాటింగ్‌హామ్‌లో తయారైన పాత ర్యాలీ కంపెనీ సైకిల్. ఉక్కు ఫ్రేము, 10 గేర్లు, పొట్టేలు కొమ్ముల్లా తిరిగిన హ్యాండిల్. మా తాతల కాలంలో కావలి వైపు ర్యాలీ సైకిలంటే అల్లుడికి పెట్టే లాంఛనం. (వాళ్లు తొక్కింది అసన్‌సోల్‌లో చేసిన సేన్-ర్యాలీ అనుకోండి.)

కావలిలో మా మామది సైకిల్ కొట్టు. సెలవులన్నీ అక్కడే గడిచాయి. ఇంజినీరింగ్‌లో చేరాక మాత్రం ఆ కొట్టు ముందు నుంచి నడవడానికే నామోషీ పడేవాణ్ణి.

పెడల్ ఇరుసు పట్టుకునే కప్పు ఊడి రాలేదు. స్పానర్ మీద ఎక్కి నిలబడ్డా కదల్లేదు. మామకి వీడియో కాల్ చేశా.

"ఏంది అబ్బయ్యా, కుడివైపు కప్పుకి ఎదురు మర అని మర్చిపోయినావా? ఇంగ్లీషోడి దగ్గర నేర్చిందేగా మన సైకిలు కూడా!"

మామూలుగా విప్పే వైపు కాక, బిగించే వైపు తిప్పితే కీచుమంటూ వచ్చింది. క్రాంకుని, అంటే పెడల్ కమ్మీని, ఇరుసుకి బిగించే కాటర్ పిన్ను కూడా ఆయన చెప్పినట్టే తీశా: నట్టుని మర చివరి దాకా వదులు చేసి, క్రాంకు కింద ఇనప గొట్టం ఆనించి, ఒకటే దెబ్బ. గొట్టం లేకపోతే ఆ దెబ్బంతా ఇరుసు చుట్టూ ఉండే బేరింగ్ బాల్స్‌కి తగులుతుందట.

"పావంగుళం బాల్స్, వైపుకి 11 ఉంటాయి, లెక్కెట్టుకో" అన్నాడు. టీ సాసర్లో పోసి లెక్కపెడితే ఒకవైపు 11, రెండోవైపు 10. ఆ ఒక్కటీ ఎండిపోయిన గ్రీజు ముద్దలో దొరికింది.

పాత చక్రాలు 27 అంగుళాలవి. వాటికి టైర్లు తేలిగ్గా దొరకవని సెకండ్‌హ్యాండ్ 700సి చక్రాలు వేశా, అవి కాస్త చిన్న సైజువి. రిమ్ము అంచు 4 మిల్లీమీటర్లు కిందికి దిగింది. బ్రేకు కట్టల్ని గాడి చివరికంటా జరిపితే అందాయి. మామకి కొత్తగా తోచిన సంగతి ఇదొక్కటే.

మొత్తం 96 పౌండ్లయింది. గర్వంగా చక్రం తిప్పి చూపించా.

"బాగుంది గానీ, క్యారియర్ ఏదిరా? బియ్యం మూట నెత్తిన పెట్టుకుంటావా?"

ఇంకో 12 పౌండ్లు వదిలాయి.